మేకపిల్ల పుస్తకంలో చివరి పేజీ

సుజాతక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇవాళ బడిలో నాకు ఒళ్లు మండిపోయింది.

గుంతలో పడ్డ మేకపిల్ల ఎలా బయటికొస్తుందో పిల్లలే ఆలోచించాలని, నువ్వు బొమ్మలు గీసి చివరి పేజీ ఖాళీగా వదిలిన పుస్తకం ఉందే, నీ స్థానంలో వచ్చిన కొత్త సారు ఆ పేజీలో ‘తాడుతో లాగాలి’ అని రాసి బట్టీ పట్టిస్తున్నాడు! పేజీ ఖాళీగా ఉంటే ఇతనికేం నొప్పి?

వలస నుంచి మొన్ననే కోసిగికి తిరిగొచ్చిన మూడో తరగతి ఈరమ్మకు ఆ బట్టీ సంగతి తెలీదు. “గుంతలోకి పత్తికట్టె యేస్తాపోతే అదే ఎక్కొస్తాది గదా సార్” అంది. తప్పని నిలబెట్టాడు.

నేను ఆ రాత మీద తెల్లకాగితం అతికించి, తోచింది గీయమని ఈరమ్మకిచ్చాను. పెన్సిల్ మొన కాగితం మీద ఆనించి, మళ్లీ ఎత్తేసింది.

“ఏం గీయాల్నో సారునడిగి సెప్పు మేడం” అంది.