ఆ మడిలో మంద కట్టవద్దు

ముదిగుబ్బలో నాయనకు, అమ్మకు రామక్క నమస్కరించి రాసేది. మేమిద్దరం బాగున్నాము, కార్డు చూసి కంగారు పడవద్దు.

మన చేనులో మీ అల్లుడు గూటాలు కొట్టిన రెండు మడుల్లో, ఎరువు వేయవద్దన్న మడిలోనే నువ్వు పెంట ఎరువు కోసం రాత్రిళ్లు సుంకన్న గొర్రెల మంద కట్టిస్తున్నావని మన ఊరి ఓబమ్మ సంతలో చెప్పింది. కట్టించవద్దు నాయనా.

ఈయనతో సేద్యం శిక్షణలో ఉన్న వేరే ఊళ్లవాళ్లు, శిక్షణ ఇచ్చే పెద్ద సారు నిన్న మా ఇంట్లో కూర్చున్నారు. అందరూ ఒకే శెనగవిత్తనం ఒకే పద్ధతిలో వేసి, చివర పంట కొలతలు కలిపి చూడాలట. హిందూపురం ఈశ్వరప్పకు పిల్లనిచ్చిన మామ, అల్లుడి మీద ప్రేమకొద్దీ వట్టి మడికి కూడా బండెడు ఎరువు తోలించాడట. పెద్ద సారు ఈశ్వరప్ప మీద మండిపడ్డారు. "ఏమప్పా, ఆ మడి పస్తుంటేనే గదా ఎరువు బలమెంతో తెలిసేది! ఈ ఏడు నీ చేను లెక్కలోకి రాదు, పో."

ఈయన నవ్వి, "మా మామ అట్ల చేసే మనిషి కాదు సార్" అన్నారు. కాఫీ లోటాలు పట్టుకుని తలుపు వెనక నిలబడి అంతా విన్నాను. ఓబమ్మ చెప్పిన మాట ఆయనకు ఇంకా చెప్పలేదు.

ఇప్పటికే మంద కట్టి ఉంటే దాచకుండా రాయి. విత్తేలోపల ఈయన వేరే చోట గూటాలు కొట్టుకుంటారు. అమ్మ కాలి వాపు తగ్గిందా? ఓబమ్మ చేత కొర్రలు పంపండి.

ఆయన అన్న మాట నువ్వే నిలబెట్టాలి. అల్లుడి మీద ప్రేమ ఉంటే ఈ ఏడు ఆ మడిని పస్తు పెట్టు నాయనా.

మీ దీవెనలు కోరే
రామక్క