లారీ మీద రెండు చరుపులు

మదనపల్లె,
బుధవారం

నేను చెప్పేదాంట్లో సగమే నమ్మే ఆదిలక్ష్మికి,

ఈసారి మొత్తం నమ్మాలి. పాప పురుటికని నువ్వు కుప్పంలో ఉన్నావు. ఫోన్‌లో అయితే నవ్వులాటకు తిప్పేస్తానని కాగితం పట్టుకున్నాను. నా కాలికి, ఫోన్‌లో నీకు చెప్పినట్టు, బెణుకు కాదు. లారీకీ, సరుకు ఎక్కించే మండీ దిమ్మెకీ మధ్య నలిగి రెండు వేళ్లు పోయాయి. ఏడవొద్దు, ఇంకా మూడున్నాయి.

టమాటా మండీలో లారీ వెనక్కి వచ్చేటప్పుడు డ్రైవరుకు వెనక ఏమీ కనబడదు. హమాలీలం బాడీ మీద చరుస్తాం. ఒక చరుపంటే రా, రెండంటే నిలుపు. నేనేమో ఊరికే రెండు చరిచేవాణ్ణి. డ్రైవరు పుంగనూరు వసీం దడుచుకుని దూకి, లారీ కిందికి వంగి చూసేవాడు. నేను క్రేట్ల వెనక నక్కి, "ఏమప్పా, ఆడ నిధి ఏమన్నా ఉండాదా?" అనేవాణ్ణి. మండీ అంతా నవ్వేది. ఏడాదిగా ఇదే ఆట.

పోయిన శుక్రవారం నా చెప్పు దిమ్మె సందులో ఇరుక్కుంది. రెండు చరిచాను. లారీ ఆగలేదు.

అందరూ చుట్టూ చేరారు. నా ఆట వల్లే అని ఒప్పుకోవడానికి నోరు రాలేదు. "వాడు ఫోన్ సూస్తాండాడు" అనేశాను. మండీ యజమాని భానుప్రకాశ్ అక్కడికక్కడే వసీం దగ్గర తాళం లాక్కున్నాడు. పని పోయినవాడు రోజూ ఆస్పత్రికి నాకు క్యారియర్ తెస్తున్నాడు. ఆ అన్నం పక్క మంచం వాళ్లకు ఇచ్చేస్తున్నాను. రేపు యజమాని వస్తాడు. నిజం చెప్పేస్తాను.

నీ రాజగోపాల్

శనివారం

ఆదీ,

చెప్పేశాను. కాలు మానినా మండీకి రావద్దన్నాడు యజమాని. వసీంకు తాళం ఇచ్చేశాడు.

సాయంత్రం వసీం వచ్చాడు. కూర్చోలేదు.

"అన్నా, నువ్వు చరిసింది ఇనపడినాది. నిలిపుండొచ్చు. ఒకసారి నువ్వు గూడా దడుసుకో అని ఇంకో జానెడు వదిలినా. ఇంట్లో నా పెండ్లాం జుబేదాకు గూడా చెప్పలేదు. యజమాని దగ్గరికి పోతాండా."

కోపం వచ్చింది, అబద్ధం ఆడను. లేని వేళ్లు రెండూ మండాయి. అయినా వాడి చొక్కా పట్టుకున్నాను.

"యాల పోతావు? ఇద్దరం ఇంట్లో కూసుంటే ఎవురికి బాగు? ఇంక ఒకటి చరిసినా, రెండు చరిసినా నిలిపి, దిగి సూడు. ఊరికే చరిసినారనిపించినా దిగు."

వాడు ఏడుస్తూ తల ఊపాడు. పొద్దున్నే లోడు ఉందట, పంపించేశాను. నా కోపం ఇంకా పోలేదు. పోతుందిలే.

రాజగోపాల్