బర్రెపాల సంగతి చెప్పిండ్రు, నా సంగతి అడగలేకపోయిన

ఆదిలాబాదు జిల్లా ఆరోగ్య అధికారి గారి సముఖమునకు,

భైంసా మండలం ఎర్రవాగు గ్రామ నివాసిని బాలలక్ష్మి వ్రాసుకొను అర్జీ. భర్త పేరు: రాయమల్లు (నోట అనరాదు గనుక వ్రాసితిని).

తేది: 20 సెప్టెంబరు 1991

అయ్యా,

విషయం: పత్తి మందుల వలన మనుషులకు కలుగు అపాయమును అంచనా కట్టు సర్వేలో ఆడవారిని విచారించకపోవుట గురించి.

1. పోయిన వారం సర్వేవారు ఒక డాక్టరమ్మను వెంటబెట్టుకొని మా ఊరికి దయచేసి, మందు కొట్టు మగవారిని మాత్రమే పిలిచి, ఏమి తొడుగుకొని కొట్టెదరని విచారించినారు. అందరును అంగీ, లాగు అని జవాబిచ్చినారు. అది నిజము కాదు. బట్టకు మందు వాసన పడితే ఎన్నిసార్లు ఉతికినా పోదని, మా మగోళ్లు బట్టలు గట్టు మీద పెట్టి గోచి మీదనే కొడుతరు. డాక్టరమ్మ ముందట గోచి మాట ఎట్ల చెప్పుతరు? సిగ్గుపడ్డరు. తమ కాగితాలలో అపాయము తక్కువ అని పడితే, అది ఆ సిగ్గు వల్లనే.

2. ఆడవారు మందు కొట్టరు గనుక వారికి సంబంధము లేదని తీర్మానించినారు. కొట్టేది మగోళ్లే, కలిపేది మేము. పొడిమందు కట్టెతోని కలిపితే అడుగున ముద్ద కడుతది, పంపు జామైతది, ఆయన కోపానికొస్తడు. అందుకని మోచెయ్యి దాక చెయ్యి పెట్టి కలుపుతం. తర్వాత మన్ను రుద్ది కడుక్కుంటం.

3. ఇది వ్రాయలేక ఒక కాగితము చింపితిని. సర్వేవారు పోయేముందు డాక్టరమ్మ అందరికీ ఒక మాట చెప్పింది. "మందు కొట్టిన చేనులో గడ్డి బర్రెలకు వేయకండి, విషం పాలలోకి దిగుతుంది." ఏ గడ్డి, ఎన్ని దినాలని ఊరంత బర్రె గురించే అడిగిండ్రు. నేను చంకల బిడ్డతోని ఆడనే నిలబడ్డ. మామ, బావలు అందరున్నరు. వాళ్ల ముందట నా పాల సంగతి ఎట్ల అడుగుత?

నా బిడ్డకు అయిదో నెల. చేను గట్టున తొట్టెల కట్టి, మందు కలిపిన చేతులతోనే ఎత్తుకొని పాలిచ్చిన. ఆ మాట విన్న దినం నుంచి ఇస్తలేను, మేకపాలు తాపుతున్న. పాలు ఎండిపోయినయని మా అత్త పోశవ్వకు చెప్పిన. పాపం, ఆమె నిజమే అనుకొని ఎల్లిగడ్డలు వేయించి దగ్గర కూసుండి తినిపిస్తున్నది, పోచమ్మకు మొక్కింది. ఆ తిండికి పాలు ఇంకింత పడుతున్నయి. కొట్టం వెనుకకు పోయి పిండి పారబోస్తున్న. ఆమె మొఖం చూడాలంటే నాకు పాణం పోయినట్టైతున్నది.

కావున నా పాలు పరీక్ష చేయించి బిడ్డకు ఇయ్యవచ్చునో కూడదో తెలుపవలెననియు, ఆడవారిని ఆడవారి చేతనే వేరుగా అడిగించవలెననియు వేడుకొను ఈ తల్లి మనవిని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
బాలలక్ష్మి
(ఏడవ తరగతి పాస్)

మళ్ల రాసేది: జవాబు కార్డు మీద రాస్తే పోస్టు నాగయ్య మామ ఊరందరి ముందట చదివి వినిపిస్తడు. పాలు అని రాయకుండ్రి సార్. ఇయ్యి అనో, ఇయ్యకు అనో ఒక్క మాట చాలు, నాకు సమజైతది. మీకు తెల్వకపోతే తెల్వదనన్న రాయుండ్రి. జర జల్ది. బిడ్డ మేకపాలు కక్కుతున్నది. అది ఏడ్చినప్పుడల్లా నా రవికె తడుస్తున్నది, అత్త చూస్తదని కొంగు కప్పుకొని తిరుగుతున్న.