ఇంట్లో చోటు లేదు

నరసరావుపేట,
6 ఆగస్టు 1984.

ప్రియమైన అత్తయ్యగారికి, మీ కోడలు సుబ్బరత్నం వందనాలతో రాసేది.

నేను క్షేమమే. క్షేమమంటే, పొద్దున్నే హాస్టల్ ఉప్మా వాసన పడట్లేదు, మిగతాదంతా బాగానే ఉంది. డాక్టరమ్మ మూడో నెల అన్నది. మొన్న మీ అబ్బాయి లారీ ఇటు వస్తే చెప్పాను. నవ్వాడు, జామకాయలు కొనిచ్చాడు, వెళ్ళిపోయాడు. ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు.

కడుపుతో ఉన్నవాళ్ళని హాస్టల్లో ఉంచరట. నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారు. బీఎస్సీ ఆఖరు సంవత్సరం అత్తయ్యా, ఏడుపొస్తోంది. మా క్లాసులో పెళ్ళయినవాళ్ళు ముగ్గురు "కాన్పయ్యాక వస్తాం" అని ఇలాగే వెళ్ళారు, ఒక్కరూ తిరిగి రాలేదు. నేనలా కాదు. మాచర్ల వచ్చి మనింట్లో పురుడు పోసుకుని, వచ్చే ఏడు మళ్ళీ చేరతాను. అమ్మ లేనిదాన్ని, మీ ఇల్లే నాకు పుట్టిల్లు. రమ్మంటారా?

మీ కోడలు,
సుబ్బరత్నం


మాచర్ల,
13 ఆగస్టు.

ప్రియమైన సుబ్బరత్నానికి, అత్త గ్రేసమ్మ దీవించి రాయునది.

నీ ఉత్తరం చదివి మోకాళ్ళ మీద పడి ప్రార్థన చేసుకున్నా. చానా సంతోషం. ఇంక ఏడుపు ఆపు.

నువ్వు ఇంటికి మాత్రం రామాక. ఇంట్లో చోటు లేదు. ఎందుకు, ఏందని అడగమాక. రోజూ క్లాసుకి పోతా ఉండు. దబ్బకాయ ఊరగాయ పంపిస్తన్నా, ఆ ముక్క నంజుకుంటే ఉప్మా అదే దిగుద్ది. ఎవరేం చెప్పినా టీసీ తీసుకున్నావంటే ఊరుకోను.

ఇట్లు,
మీ అత్త


నరసరావుపేట,
27 ఆగస్టు.

అత్తయ్యగారికి,

ఈసారి "ప్రియమైన" అని రాయడానికి చెయ్యి రాలేదు. ఊరగాయ అందింది.

మూడు గదుల ఇల్లు. ఉండేది మీరొక్కరు. మీ అబ్బాయి నెలకి నాలుగు రోజులు ఇంటిపట్టున ఉంటే గొప్ప. అందులో నాకు చోటు లేకపోయిందా? పెళ్ళిచూపులనాడు "మా కోడలు డిగ్రీ చదవాల" అని పట్టుబట్టింది మీరే. చదువు ఆగేసరికి కోడలు బరువైపోయిందా?

గది కోసం ఈ ఊళ్ళో తిరిగాను. కడుపుతో ఉన్న ఒంటరి ఆడదానికి ఎవరిస్తారు? సరే, శుక్రవారం ప్రిన్సిపాల్ గారికి అర్జీ పెట్టి టీసీ తీసుకుంటాను. మధ్యాహ్నం బస్సుకి దుర్గిలో నాన్న దగ్గరికి వెళ్ళిపోతాను. ఇక చదువు మాట ఎత్తను.

సుబ్బరత్నం


హాస్టల్ గేటు దగ్గర,
శుక్రవారం పొద్దున.

ప్రియమైన నా పిచ్చితల్లికి,

వాచ్‌మన్ బాలశౌరి లోపలికి పోనీయడంట. సాయంత్రం దాకా ఎవురూ రాకూడదంట. "కాబోయే నాయనమ్మనయ్యా" అన్నా, అయినా పోనీలా. అందుకే ఈ గోడ మీద కాయితం పెట్టి రాస్తన్నా.

ఇంట్లో చోటు లేదంటే లేదనేగా! మాచర్లలో ఇల్లు ఒక ఓవర్సీరు కుటుంబానికి అద్దెకిచ్చేశా. ఇక్కడ మీ కాలేజీ ఎనకాల తిరుపతమ్మగారి పోర్షను తీసుకున్నా. నువ్వూ నేనూ, ఫిబ్రవరికి ఇంకొకరు. నీ మొగుడికి ఇల్లేందే, లారీ ఆగిన చోటల్లా ఇల్లే. వాడేసుకునే మాచర్ల రాళ్ళ లోడు ఎటు పోవాలన్నా ఈ పేట మీదగానేగా పోయేది.

గది కుదిరేదాకా చెప్పకూడదనుకున్నా. చెప్తే "మీకెందుకత్తయ్యా శ్రమ" అని బస్సెక్కి వచ్చేదానివి. ఒక్కసారి ఇంటి గడప తొక్కావంటే కాలేజీ మళ్ళీ చూడవే. నాకు తెలీదా? ఈ ఊళ్ళోనే టీచర్ ట్రైనింగు చదివినదాన్ని. పురిటికి ఇంటికొచ్చా. నెల్లో తిరిగి పోతాగా అని ట్రంకుపెట్టె హాస్టల్లోనే ఉంచి వచ్చా. ఆ నెల ఇంకా కాలా. నీ మొగుడికి ఇరవయ్యారు నిండినయ్.

పరీక్షలనాటికి పిల్లకో పిల్లోడికో నెల దాటుద్ది. నేను ఎత్తుకుని వరండాలో కూర్చుంటా, నువ్వు గంట కొట్టంగానే వచ్చి పాలిచ్చి పో. ఆ అర్జీ ఇచ్చేసుంటే వెనక్కి లాక్కో, దాంతో పొయ్యి అంటించుకుంటా. సర్దిన పెట్టె నువ్వు మొయ్యమాక, బాలశౌరి మోస్తాడు. తొందరగా రా, ఎండ మండిపోతంది.

నీ అత్త,
గ్రేసమ్మ


(అదే కాయితం వెనక)

ప్రియమైన అత్తయ్యా,

బాలశౌరి ముందే భోరున ఏడ్చాను. ప్రాణం కుదుటపడింది. అర్జీ ఇంకా ఇవ్వలేదు. చించి ముక్కలు ఇందులో పెట్టాను, పొయ్యిలోకి.

ఇప్పుడే రాలేను. పది గంటలకి కెమిస్ట్రీ క్లాసుంది, విని వస్తాను. కాస్త నీడకి జరిగి కూర్చోండి.

మీ సుబ్బరత్నం