కనుబొమ మీది గాటు

అక్కా,

అమ్మ పోయి ఏడాది తిరిగేసరికల్లా బొమ్మ సిద్ధం కావాలన్నావు, అదీ గ్రానైటులోనే చెక్కమన్నావు. నీ మాట కాదనలేక మొదలుపెట్టాను. ముక్కు, గడ్డం బాగానే వచ్చాయి. కనురెప్ప దగ్గరికి వచ్చేసరికి రాతిలోంచి ఒక పలుకు ఊడి, రెప్ప కాస్తా పోయింది. నెల రోజుల కష్టం నీళ్లపాలైంది.

తప్పు రాయిది కాదు, నాది. గ్రానైటు భూమి లోపల నెమ్మదిగా చల్లారిన రాయి, అందుకే దాని పలుకులు పెద్దవి. పూర్వం రాజుల నిలువెత్తు విగ్రహాలకు అది సరిపోయిందంటే, వాటిని దూరం నుంచి చూస్తారు కాబట్టి. బసాల్టు అలా కాదు. పైకి ఉబికిన లావా త్వరగా చల్లారి ఆ రాయి అవుతుంది, దాని పలుకు కంటికి ఆనదు. వెంట్రుకంత గీత కూడా నిలుస్తుంది. దగ్గర నుంచి చూసే ముఖాలకు పాతకాలం శిల్పులు దాన్ని ఏరుకునేవారు.

నేనూ అదే తెప్పించాను. కోప్పడకు. "గ్రానైటైతే ఆ కనుబొమ మీది గాటు రాతి చుక్కల్లో కలిసిపోతుందిలేరా" అని నువ్వు ఫోనులో అన్నప్పుడే నాకు అర్థమైంది. మెట్ల మీద పడ్డానని అమ్మ అందరికీ చెప్పింది కానీ, నువ్వు విసిరిన బడి పలక తగలడం నేను చూశాను. నువ్వు అత్తారింటికి వెళ్లాక, "మహాతల్లి, ఎంత కోపమో దానికి!" అని నవ్వుతూ అమ్మ ఆ గాటే తడుముకునేది.

ముఖం నునుపు పెట్టడం అయిపోయింది, నల్లగా నిగనిగలాడుతోంది. దాని మీద ఉలి తగిలితే తెల్లటి గీత పడుతుంది, అచ్చం మానిన గాయంలా. ఆ ఒక్క గీతా వదిలేశాను. ఆదివారం రా. ఉలి నేను పట్టుకుంటాను. దెబ్బ మాత్రం ఈసారి కూడా నీదే.

నీ తమ్ముడు