పడవ నాది

కులపెద్ద పోలయ్య పెదనాన్నగారికి,

మన కుర్రాళ్ళంతా రొయ్యల చెరువుల పనికి పోయాక, నాతో చేపల వేటకొచ్చినవాడు ఒరిస్సావాడు బైధర్ ఒక్కడే. "పరాయోడు మన పడవలెక్కకూడదు" అని కట్టుబాటు పెట్టి వాణ్ణి పంపేశారు. పడవ నాది, వల నాది. ఎక్కించుకోవడం నా ఇష్టం, ఎక్కడం వాడి ఇష్టం. మధ్యలో ఊరికేం పని? మన తాతలు శ్రీకాకుళం నుంచి వచ్చినప్పుడు ఈ బందరు తీరాన ఎవర్నడిగారు?

వాడికి తెలుగు సరిగా రాదు. అయినా వల లాగేటప్పుడు నేను "హైలెస్సా" అంటే, వాడూ అదే కేకతో బదులిచ్చేవాడు. మా ఆవిడ పోయాక నాకు పలికిన గొంతు అదొక్కటే.

నిన్న ఒక్కణ్ణే లాగుతూ, అలవాటు కొద్దీ కేకేశాను. ఎవరూ పలకలేదు. ఆ కట్టుబాటు తీసెయ్యండి. లేదంటే రేపు వేటకి మీరే రండి, బదులు పలకడానికి.

మీ తమ్ముడి కొడుకు