నిలబెట్టిన చెయ్యి

కేరళ,
ఏప్రిల్ 28.

అమ్మకు నమస్కరించి నీ కొడుకు వాసు రాస్తున్న ఉత్తరం.

నేను ఇక్కడ క్షేమం. నా ఎడమ మోకాలు కూడా క్షేమం. ప్రతి ఉత్తరంలోనూ దాన్ని ఇంకో మనిషిని అడిగినట్టు విడిగా అడుగుతావు కాబట్టి విడిగా చెబుతున్నాను. నువ్వూ చెల్లి ఇందూ బాగున్నారని తలుస్తాను. నాన్న గుజరాత్‌లో వెరావల్ నుంచి ఫోన్ చేశాడు. వచ్చే నెలాఖరుకి పడవ దిగి ఇంటికొస్తాడట. గొంతు బాగానే ఉంది.

చేతిలో ఫోన్ పెట్టుకుని ఈ ఉత్తరాలేమిటని ఇక్కడి కుర్రాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. స్పోర్ట్స్ హాస్టల్లో ఫోన్లు లాక్కునే రోజుల్లో మొదలైన అలవాటు మనది. ఫోన్లో అయితే మనిద్దరం తిన్నావా అంటే తిన్నావా అనుకుని పెట్టేస్తాం. ఐదో తరగతితో ఆగిపోయిన నీ పెద్ద పెద్ద అక్షరాలు చూస్తేనే నాకు నువ్వు ఎదురుగా కూర్చుని తిట్టినట్టుంటుంది.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు. నువ్వు పంపిన ఎండు నెత్తళ్ళు అందాయి. సగం నేను తిన్నాను, సగం మా గోల్‌కీపరు దొంగిలించాడు. వేట నిషేధం రోజులు కదా, సంతలో ఎండు చేపలకి గిరాకీ బాగుందని ఇందు చెప్పింది, సంతోషం. నిద్ర పడుతోంది. పెళ్ళి మాట ఇప్పుడొద్దు. నేను అడిగిన రక్తపరీక్ష సంగతి మాత్రం నువ్వు ఎప్పటిలాగే దాటేశావు. మన చుట్టుపక్కల ఊళ్ళలో కిడ్నీలు పాడైనవాళ్ళు ఎంతమందో నాకంటే నీకే బాగా తెలుసు. ఈ వారం ఆసుపత్రికి వెళ్ళి చేయించుకో. కాగితం ఇందు ఫోటో తీసి పంపాలి. నీ నోటి మాట నమ్మను.

ఇక అసలు సంగతి. "సంతకం ఎట్టీరా బాబూ, తప్పయిపోనాదని ఒక్క ముక్క రాసిత్తే నీ సొమ్మేటి పోద్ది?" అని రాశావు. అది కుదరకపోతే రమణమూర్తి మాస్టారు టెక్కలి బళ్ళో చూపించిన ఆటల మాస్టారి ఉద్యోగంలో చేరమన్నావు. రెండూ చెయ్యను. ఎందుకో చెబుతాను, కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు. వస్తే చివర్న తెచ్చుకో.

మందస సంతలో ఎవరో ఫోన్లో నీకు చూపించినది అరనిమిషం ముక్క. దాంట్లో నీ కొడుకు ఒట్టి వెర్రివాడిలా కనిపిస్తాడు. మొత్తం నేను చెబుతాను.

అది సీజన్లో ఆఖరి ఆట. గెలిస్తే మా జట్టు పై డివిజన్‌కి వెళుతుంది, లేకపోతే ఉన్నచోటే ఉంటుంది. నాకు ఇరవై తొమ్మిది. తొమ్మిదేళ్ళలో ఐదు జట్లు మారాను, నాలుగు రాష్ట్రాల్లో హాస్టల్ మంచాల మీద పడుకున్నాను, రెండుసార్లు మోకాలు కోయించుకున్నాను. నా పేరు పేపర్లో పడిన ముక్కలు ఇందు కత్తిరించి దాచింది, వాటిలో రెండుచోట్ల పేరు తప్పు. మధ్యలో ఆడేవాడి బతుకు అంతే. వెనకవాడి దగ్గర బంతి తీసుకోవాలి, ముందువాడికి అందించాలి. గోలు కొట్టినవాణ్ణి భుజాలకెత్తుకుంటారు, ఆ మోసేవాళ్ళలో నేనుంటాను. మరి నీకు జీతమెందుకిస్తున్నార్రా అని ఒకసారి అడిగావు. మా కోచ్‌ని అడిగితే ఆయనా తడుముకున్నాడు. అయినా నాకిది ఇష్టం. పై డివిజన్లో ఒక్క ఏడాది, ఒక్క ఏడాదైనా ఆడాలని నాకెంత ఉండేదో నీకు తెలుసు.

ఎనభై ఆరో నిమిషం. చెరొక గోలు. మైదానం మధ్యలో బంతి నాకు దొరికింది. అడ్డుకోబోయిన వాళ్ళ డిఫెండరు జారి వెల్లకిలా పడ్డాడు. ముందర గోల్‌కీపరు ఒక్కడే. కుడిపక్క మా స్ట్రైకరు ఎవరూ అడ్డంలేకుండా పరిగెడుతున్నాడు. నేను అందించడమే ఆలస్యం. సరిగ్గా అప్పుడు పడ్డవాడి చెయ్యి కంటపడింది. పైకెత్తి, కదపకుండా అలాగే నిలబెట్టాడు. రిఫరీ ఈల వెయ్యలేదు. నేను బంతిని గీత అవతలికి తన్నేశాను.

వాడికేమీ కాలేదు. అరనిమిషంలో లేచి నిక్కరు దులుపుకున్నాడు. ఇలా ఆపినప్పుడు అవతలి జట్టు బంతిని తిరిగి ఇవ్వడం ఎక్కడైనా మర్యాద. వాళ్ళు ఇవ్వలేదు. ఆఖరిదాకా వాళ్ళలో వాళ్ళే తిప్పుకున్నారు. ఆట డ్రా అయింది. మా స్ట్రైకరు నేలమీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు, వాడి మొహం ఇప్పటికీ నేను సూటిగా చూడలేకపోతున్నాను.

ఈ ఆటలో చేతులెత్తడం మామూలే. ఆఫ్‌సైడ్ అని ఎత్తుతారు, బంతి ఇమ్మని ఎత్తుతారు, టైము తినెయ్యడానికీ ఎత్తుతారు. తొమ్మిదేళ్ళు ఆడినవాడికి ఆ మాత్రం తెలియదా అని అందరూ అడిగారు. ఎందుకు తెలియదు? కానీ మన ఒడ్డున పుట్టినవాడికి ఇంకొకటి కూడా తెలుసు. నీళ్ళలోంచి ఎవడైనా చెయ్యి ఊపుతుంటే పిలుస్తున్నట్టు. ఎత్తి కదపకుండా ఉంచాడంటే మునిగిపోతున్నట్టు. అది చూసినవాడు వలైనా తాడైనా అక్కడే పారేసి వెళ్ళాలి. వాడు పగవాడా, పాలివాడా, నిజంగా మునుగుతున్నాడా అని ఒడ్డున నిలబడి ఎవరూ విచారణ చెయ్యరు. వాడు నాటకమాడాడు, అది వాడి సిగ్గు. నేను ఆగాను, అందులో నా సిగ్గేమీ లేదు.

మూడో రోజు మేనేజరు పిలిచి ఒక కాగితం ముందు పెట్టాడు. ఏకాగ్రత తప్పి పెద్ద పొరపాటు చేశాను, అభిమానులు నన్ను క్షమించాలి, ఇకమీదట ఇలా జరగదు. మూడు వాక్యాలే. సంతకం పెడితే ఇంకో రెండేళ్ళు ఉంచుకుంటారు. అమ్ముడుపోయానన్న పుకారు కూడా దాంతో అణిగిపోతుందట. మొదటి రెండు వాక్యాలు ఎలాగో మింగేవాణ్ణేమో. ఇకమీదట ఇలా జరగదని మాత్రం రాయలేను. జరుగుతుంది. ఇంకోసారి చెయ్యి నిలబడితే ఇంకోసారి ఆపుతాను. అదే ఆయనతో చెప్పాను. బయటికి వెళ్ళమన్నాడు, బ్యాగు సర్దుకున్నాను.

ఇంత మొండితనం ఎవరి పోలికరా అని అడిగావు. ఇది పోలిక కాదమ్మా. పదహారేళ్ళుగా నీకు చెప్పని మాట ఒకటుంది. ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లూ ఇక్కడిదాకా వచ్చి చింపేశాను. ఈసారి చింపను. ఇందుని బయటికి పంపి నువ్వొక్కదానివే చదువు.

నీ తమ్ముడు ఢిల్లీబాబు మావ సముద్రంలో పోయిన రోజు నేను ఒడ్డునే ఉన్నాను. అది నీకు తెలుసు. బంతాట ఆడుకుంటున్నామని, ఏమీ చూడలేదని అప్పుడు చెప్పాను. అబద్ధం. చూశాను.

మిట్టమధ్యాహ్నం. మగవాళ్ళు తెప్పల నీడన పడుకున్నారు, మీ ఆడవాళ్ళంతా చేపలు అమ్మడానికి వెళ్ళారు. మేం ఎనిమిదిమంది పిల్లలం ఆడుతున్నాం. నాకు పదమూడేళ్ళు. మావ కొనిచ్చిన బంతి, నేనే గోలు కొట్టాను. గెంతుతూ సముద్రం వైపు తిరిగితే కెరటాల అవతల మావ తెప్ప కనిపించింది, పక్కన నీళ్ళలో మావ. చెయ్యెత్తాడు. నా గోలు చూసి మెచ్చుకుంటున్నాడనుకున్నాను. నేనూ చెయ్యెత్తి ఊపాను. తర్వాత ఇటు తిరిగి మళ్ళీ ఆటలో పడిపోయాను.

ఆ చెయ్యి ఊగలేదమ్మా. నిలబడి ఉంది. "సెయ్యి కదపకుండా ఎత్తినాడంటే మునిగిపోతన్నాడని రా అల్లుడా, ఇంకేటీ సూడకు, పరిగెట్టుకెల్లి సెప్పాల" అని ఆ తేడా నాకు నేర్పింది మావే. నేర్చుకునీ చూసుకోలేదు. ఇంకో గోలు కొట్టేదాకా వెనక్కి తిరగలేదు. మావకి తోడెళ్ళిన తవిటయ్య ఈదుకుంటూ ఒడ్డున పడి కేకలు వేశాకే అందరూ లేచారు. కాలికి వల చుట్టుకుందని, ఇంకాస్త ముందు వెళ్ళి ఉంటే దక్కేవాడని పెద్దలు అనుకుంటుంటే నేను నీ వెనకే నిలబడి విన్నాను.

నువ్వు ఆ ఏడాదంతా కనిపించినవాళ్ళందర్నీ అడిగావు. "ఒడ్డు మీద అంతమందున్నారు, నా తమ్ముణ్ణి ఒక్కడైనా సూడనేదా?" అన్నం పెడుతూ నన్నూ అడిగావు. నేను తల అడ్డంగా ఊపి తినేశాను. ఆ ఏడే హాస్టల్ సెలక్షన్‌కి పేరిచ్చాను. ఆట మీద ప్రేమతో వెళ్ళాడని నువ్వు అందరికీ చెప్పుకున్నావు. ప్రేమ నిజమే. నీ ప్రశ్నకి దూరంగా పారిపోవడం కూడా నిజమే.

ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది. ఒకసారి తప్పు చేశాను. నా బతుకంతటికీ అదొక్కటే అసలైన తప్పు. ఆ కాగితంలో వీళ్ళు నేను చేసిన ఒప్పుని తప్పని రాయించాలనుకున్నారు. నేను క్షమాపణ అడగవలసింది అభిమానుల్ని కాదు. అడగవలసిన మనిషి ఒక్కర్తే ఉంది, ఆవిడ మందస సంతలో ఎండు చేపలు అమ్ముతుంది. ఆవిడ క్షమిస్తుందో లేదో నాకు తెలియదు. క్షమించి తీరాలని కూడా అడగను.

కానీ ఇంకొకటి ముందే చెబుతున్నాను. ఇది తెలిశాక, అంతా ఆ బంతి వల్లేనని, ఆట మానెయ్యమని నువ్వు అనవచ్చు. మానను. బంతి తప్పేమీ లేదు. చూడవలసినప్పుడు చూడకపోయిన కళ్ళది తప్పు. మధ్యలో ఆడేవాడి పని నాలుగువైపులా చూడడమే, ఆ పని పదహారేళ్ళుగా కళ్ళు మండేదాకా చేస్తున్నాను. కాళ్ళు ఆడినంతకాలం చేస్తాను.

రూర్కెలాలో ఒక జట్టు నన్ను పిలిచింది. మూడో డివిజన్. కిందకే వెళుతున్నాను, పైకి కాదు. వీధిలో ఎవరైనా అడిగితే అలాగే చెప్పు, దాచకు. ఆ కోచ్‌కి అరనిమిషం ముక్క ముందే చూపించి, మళ్ళీ ఇలాగే చేస్తానని చెప్పాను. సంతకం పెట్టమన్నాడు, పెట్టాను. టెక్కలి ఉద్యోగం అవసరమున్న ఇంకెవరికైనా ఇప్పించమని మాస్టారికి నా నమస్కారాలతో చెప్పు.

వెళ్ళేముందు పలాసలో దిగుతున్నాను. వచ్చే ఆదివారం మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటాను. ఈ మాట ఉత్తరంలో పడేసి ఊరుకుంటే పిరికితనం. నీ మొహం చూసి మళ్ళీ చెబుతాను. తిట్టు, కొట్టు, మాట్లాడటం మానెయ్యి. గుమ్మంలోకి రానివ్వకపోతే అరుగు మీద కూర్చుంటాను. నువ్వు నన్ను ఏమడిగినా ఈసారి తల అడ్డంగా ఊపను. సోమవారం పొద్దున్న మాత్రం నా బూట్లు తీసుకుని బస్సెక్కుతాను. దానికి నువ్వు కూడా అడ్డం రావద్దు.

ఇట్లు,
ఆ రోజు ఒడ్డు మీద నీ తమ్ముణ్ణి చూసినవాడు,
నీ కొడుకు,
వాసు.